డకోటా మా ఊరి మీదుగా

సావనీరుకు ఏదైనా రాసివ్వమని మన సాహిత్య కార్యదర్శి హాస్టలు మెట్ల మీద నన్ను పట్టుకున్నప్పుడు, "కవిత్వం నాకు రాదు, రాజకీయాలు నాకు పడవు" అని తప్పించుకోబోయాను. ఆయన వదిలితేనా! "అయితే రాత్రి రెండింటిదాకా నీ గదిలోంచి వచ్చే ఆ మోత గురించే రాయి. కింది గదివాళ్ళు వార్డెను గారికి కాగితం పెట్టబోతున్నారు. సంజాయిషీ ఇచ్చుకున్నట్టూ ఉంటుంది" అన్నాడు. కాబట్టి మిత్రులారా, ఇది సగం వ్యాసం, సగం సంజాయిషీ.

ఆ మోత డకోటా విమానానిది. అసలు పేరు డగ్లస్ డీసీ-3. అది మొదటిసారి గాలిలోకి లేచింది 1935 డిసెంబరు 17న. యుద్ధకాలంలో సైనిక రూపంలో అమెరికాలో 10,000కు పైగా తయారుచేశారు. రెండు ఇంజన్లు, ఒక్కొక్కటి 1,200 గుర్రాల బలం. ప్రయాణికులు 21 మంది. తోక కింద ఒక చిన్న చక్రం ఉండడంవల్ల నేల మీద నిలబడ్డప్పుడు ముక్కు పైకెత్తి ఆకాశం కేసి చూస్తూ ఉంటుంది. నా గదిలో ఉన్నది మాత్రం కంప్యూటరులోని డకోటా. దాన్ని ఫ్లయిట్ సిమ్యులేటరు అంటారు. గాలి ఒత్తిడి, ఉష్ణోగ్రత, రెక్క మీద పుట్టే లిఫ్టు, ఇంజన్ల బలం, ఇవన్నీ క్షణక్షణం లెక్కవేసి, నిజం విమానం ఏంచేస్తుందో తెర మీద దాదాపు అదే చేసి చూపించే ప్రోగ్రాము. 1982లో మొదటిది విడుదల చేసింది మొదలు మైక్రోసాఫ్టు వాళ్ళు వీటిని తెస్తూనే ఉన్నారు. 2003లో, మానవుడు ఎగిరి నూరేళ్ళయిన సందర్భంగా తెచ్చినదాంట్లో పాత విమానాలెన్నో ఇచ్చారు. వాటిలో డీసీ-3 ఒకటి. నా పాత ల్యాప్‌టాపు మొయ్యగలిగింది దాన్నే. డబ్బు పెట్టలేనివారికి ఫ్లయిట్‌గేర్ అని ఉచితంగా దొరికేదీ ఉంది.

"ఇంతింత పెద్ద జెట్టు విమానాలుండగా ఆ ముసలి డొక్కు ఎందుకయ్యా?" అని ఫిజిక్సు డిపార్టుమెంటులో మా లెక్చరరు గారొకరు అడిగారు. అందుకు నా దగ్గర రెండు జవాబులున్నాయి. ఒకటి అందరికీ చెప్పేది, రెండోది ఇంతవరకు ఎవరికీ చెప్పనిది.

అందరికీ చెప్పేది ఇది. నేటి జెట్టు విమానంలో బయల్దేరే ముందే దారి అంతా కంప్యూటరులోకి ఎక్కించేస్తారు. లేచిన కొద్ది నిమిషాలకు ఆటోపైలటుకు అప్పగిస్తారు. నిజం పైలట్లకు అందులోనూ బోలెడంత పని ఉంటుంది, కాదనను. ఇంట్లో కూర్చుని ఆడేవాడికి మాత్రం చూస్తూ కూర్చోవడమే మిగులుతుంది. డకోటా అట్లా కాదు. అది ప్రతి నిమిషం పని అడుగుతుంది. ఇంజను వేడెక్కితే చుట్టూ ఉన్న రేకు తలుపులు తెరవాలి, చల్లబడితే మూయాలి. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి పెట్రోలు పాలు తగ్గించాలి. గాలి పక్కకు తోస్తుంటే దారి సరిచూసుకోవాలి. ప్రపంచమంతటా ఈ పిచ్చి ఉన్నవాళ్ళున్నారు. కొందరు డీసీ-6 ఎగరేస్తారు. ఇంకొందరు 1948 జూన్ 8న ఎయిరిండియా ఇంటర్నేషనల్ వారి 'మలబార్ ప్రిన్సెస్' కాన్‌స్టలేషన్ బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండను వెళ్ళిన దారినే మళ్ళీ గంటల తరబడి కూర్చుని వెళ్ళివస్తారు.

ఇక రెండోది. ఇంటర్మీడియెట్ అయ్యాక నాకు పైలటు కావాలని ఉండేది. మాది డోంగ్లి. మద్నూరు మండలంలో ఉండేది, 2022లో మండలకేంద్రం అయింది. సరిహద్దు మీద ఊరు, రెండడుగులేస్తే మహారాష్ట్ర. మా బాజారులో సగం బేరాలు మరాఠీలోనే సాగుతాయి. అలాంటి ఊళ్ళో పత్తీ సోయా పండించుకునే మా బాపు, పైలటు చదువుకు అయ్యే లక్షల మాట విని ఒక రాత్రంతా మాట్లాడలేదు. తెల్లారి, "రోడ్డు పక్కన ఎకరంన్నర నల్లరేగడి ఉన్నది గదరా, దానికి మంచి ధరొస్తది" అన్నాడు. ముందు మెడికల్ చేయించుకుందాం అని పట్నం వెళ్ళాము. డాక్టరు గారు రంగురంగుల చుక్కలున్న పుస్తకం తెరిచి, అందులో ఏ అంకె కనబడుతున్నదో చెప్పమన్నారు. మొదటి పేజీలో చెప్పాను. రెండో పేజీలో నాకు చుక్కలే కనబడ్డాయి. మూడో పేజీలోనూ చుక్కలే. ఎరుపు ఆకుపచ్చల తేడా నా కంటికి సరిగా అందదని పద్దెనిమిదేళ్ళకు ఆ రోజు తెలిసింది. పక్కన కూర్చున్న మా బాపు ఆ పుస్తకంలోకి తొంగిచూసి, "అరే, అంకె ఉన్నది గదరా, గంత సాఫుగ కనబడ్తలేదా?" అన్నాడు పాపం. తిరుగు ప్రయాణంలో బస్సు బాన్సువాడ దాటేదాకా మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఎకరంన్నర మిగిలింది. నేను బి.ఎస్సీ.లో చేరాను.

ఇప్పటి విమానాల్లో సమాచారమంతా తెరల మీద రంగుల్లో వస్తుంది. వెళ్ళవలసిన దారి గీత ఒక రంగు, పనిచేస్తున్న మీట పేరు ఒక రంగు, హెచ్చరిక ఇంకో రంగు. మిత్రుడి కంప్యూటరులో జెట్టు విమానం మొదటిసారి తెరిచిన రోజున ఆ చుక్కల పుస్తకం మళ్ళీ నా ముందు పెట్టినట్టయింది. డకోటాలో అట్లా కాదు. గుండ్రటి గడియారాలు, నల్లటి ముఖం, తెల్లటి ముల్లు. ముల్లు ఎక్కడుందన్నదే ముఖ్యం. వాటి మీదా రంగు గీతలున్నాయి గాని, వాటి అవసరం లేకుండానే ముల్లు కోణం చూసి చెప్పేయవచ్చు. ఆ పాత పైలట్ల కళ్ళు ఏం చూసేవో అదంతా నా కళ్ళూ చూడగలవు. ఇదే నా రెండో జవాబు. మా లెక్చరరు గారు ఇది చదివితే నన్ను మన్నిస్తారనుకుంటాను, ఆ రోజు నవ్వి ఊరుకున్నందుకు.

ఈ డకోటాకూ మన హైదరాబాదుకూ ఉన్న బంధుత్వం మనవాళ్ళలో చాలామందికి తెలియదు. 1945లో నిజాం ప్రభుత్వ రైల్వే, టాటాలు కలిసి డక్కన్ ఎయిర్‌వేస్ అనే కంపెనీ పెట్టారు. రైలు, బస్సు, విమానం మూడూ ఒకే సర్కారు చేతిలో ఉన్న సంస్థానం మనది. బేగంపేట కేంద్రంగా 1946లో ఆ సర్వీసులు మొదలైనాయి. మద్రాసు నుంచి హైదరాబాదు, నాగపూరుల మీదుగా ఢిల్లీ దాకా డకోటాలు తిరిగాయి. యుద్ధం అయిపోయాక అమెరికన్ సైన్యం వదిలి వెళ్ళిన డకోటాలు మన దేశంలో బోలెడు మిగిలాయి. వాటిని బెంగుళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్టు కర్మాగారంలో సీట్లు వేసి ప్రయాణికుల విమానాలుగా మార్చేవారు. 1953 ఆగస్టు 1న ప్రభుత్వం విమాన కంపెనీలను జాతీయం చేసినప్పుడు డక్కన్ ఎయిర్‌వేస్ కూడా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆనాడు ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేతికొచ్చిన విమానాల్లో 74 డకోటాలే!

ప్రేమ్ మాథుర్ అనే యువతి కమర్షియల్ పైలటు లైసెన్సు పుచ్చుకుని ఉద్యోగం కోసం తిరుగుతుంటే ఎనిమిది కంపెనీలు కాదన్నాయని చెబుతారు. ఆవిడను కో-పైలటుగా తీసుకున్నది మన డక్కన్ ఎయిర్‌వేసే. 1949లో జాతీయ విమాన పందెం గెలిచింది కూడా ఆవిడే. బేగంపేట రన్‌వే మీద డకోటాను నిలబెట్టి ఇంజన్లు వేసే ముందు ఒక్కోసారి నాకు ఆవిడ గుర్తుకొస్తుంది. ఆవిడ కూర్చున్నది కుడివైపు సీటులో. నేను దర్జాగా ఎడమవైపు, కెప్టెన్ సీటులో కూర్చుంటున్నాను. చుక్కల పుస్తకంలో తప్పినవాడికి ఇది కొంచెం ఎక్కువే.

సరే, ఇంజను వేయడం చూద్దాం. దీని సిలిండర్లు పద్నాలుగు, పూలరేకుల్లాగా చక్రాకారంలో రెండు వరసలు. విమానం నిలబడి ఉంటే నూనె కిందికి జారి కింది సిలిండర్లలో చేరుతుంది. అలాగే వేస్తే సిలిండరు పగులుతుంది. అందుకని ముందు ప్రొపెల్లరు రెక్కలను చేత్తో తిప్పి నూనె వదిలించాలి. తర్వాత ప్రైమరుతో కొంచెం పెట్రోలు కొట్టాలి. బావి మోటారు వేసే ముందు పైపులో చెంబుతో నీళ్ళు పోస్తామే, అట్లాంటిదే ఇదీ. ఆ తర్వాత స్టార్టరు, రెక్క నాలుగైదు చుట్లు తిరిగాక మాగ్నెటో, అంటుకోగానే పెట్రోలు మీట ముందుకు. పొగ, దగ్గు, రెండు మూడు సిలిండర్లు ముందు, మిగతావి బద్ధకంగా తర్వాత. ఆ దగ్గులోంచి మోత కుదురుకునే ఆ ఐదారు క్షణాల కోసమే నేను కొన్ని రాత్రులు విమానాన్ని ఎగరెయ్యకుండా ఇంజన్లు మాత్రం వేసి ఆపేసిన సందర్భాలున్నాయి. కింది గదివారు క్షమించాలి.

ఎగరడానికి బయల్దేరితే అసలు తంటా. మొదటి పదిసార్లూ విమానం సగం రన్‌వేకు రాగానే గిర్రున తిరిగి గడ్డిలో పడింది. కారణం ఆ తోక చక్రమే. ఎద్దుల బండిని కాడి పట్టుకుని ముందునుంచి లాగితే తిన్నగా వస్తుంది. అదే బండిని వెనకనుంచి నెట్టి చూడండి, కొంచెం పక్కకు తిరిగిందంటే ఇంకా ఇంకా తిరుగుతుంది. డకోటా బరువు కేంద్రం పెద్ద చక్రాలకు వెనక ఉంటుంది. ఇవతల ముక్కు ఒక్క డిగ్రీ తప్పితే వెనక ఉన్న బరువు దాన్ని రెండు చేస్తుంది, రెండును నాలుగు చేస్తుంది. తప్పక ముందే కాలితో సరిచెయ్యాలి, సరిచేసి వెంటనే తీసెయ్యాలి. మాటల్లో చెప్పడం సులువే. మా ఊరి వడ్లాయన చేత రెండు చెక్క పెడళ్ళు చేయించుకుని, వాటికి పాత జాయ్‌స్టిక్కులోని వైర్లు కలిపి, నెలరోజులు పాట్లు పడితే గాని నాకు తిన్నగా లేవలేదు.

ఇక్కడ మా బాపు సంగతి చెప్పాలి. పోయిన వేసవి సెలవుల్లో డోంగ్లిలో, రాత్రి కరెంటు వచ్చాక మంచం మీద ల్యాప్‌టాపు పెట్టుకుని డకోటా ఎగరేస్తున్నాను. ఆరు వేల అడుగుల ఎత్తులో అంతా బాగానే ఉంది. గడియారాలు అన్నీ చోట్లోనే ఉన్నాయని నా నమ్మకం. బాపు అవతల గడపలో బీడీ కాల్చుకుంటున్నాడు. మెడికల్ అయినప్పటినుంచి ఈ విమానాల ఊసు ఆయన ఎత్తడు, నేనూ ఎత్తను. ఆ రాత్రి ఉండుండి అన్నాడు:

"అవి రెండు ఇంజన్లా?"

"రెండే బాపూ."

"ఒకటి ఒక తీరు కొడ్తున్నది, ఇంకోటి ఇంకో తీరు కొడ్తున్నది. ఇనబడ్తలేదా? వూఁ... వూఁ... అని మధ్యల గుంజుతున్నది సూడు."

విన్నాను. నిజమే. సెకనుకొకసారి మోత ఉబ్బి తగ్గుతున్నది. ముప్ఫయ్యేళ్ళు బావి మీద డీజిలింజనుతో కాపురం చేసిన చెవి అది! చూస్తే ఎడమ ఇంజను 2,050 చుట్లు, కుడిది 2,010. గడియారంలో ఆ రెండు ముళ్ళ మధ్య తేడా వెంట్రుకవాసి. నేను చూసీ పట్టించుకోలేదు.

మనం ఇంటర్లో విస్పందనాలు అని చదువుకుని, సూత్రం రాసి, మార్కులు వేయించుకుని మరచిపోయామే, ఇది అదే. లెక్క వేసి చూపిస్తాను. ఈ ఇంజను 16 చుట్లు తిరిగితే మధ్యలో పళ్ళచక్రాల వల్ల ప్రొపెల్లరు 9 చుట్లే తిరుగుతుంది. అంటే ఇంజను నిమిషానికి 2,050 అయితే ప్రొపెల్లరు సుమారు 1,153, సెకనుకు 19.2. రెక్కలు మూడు గనుక సెకనుకు దాదాపు 57.7 దెబ్బలు గాలిని కొడుతుంది. రెండోది 2,010 దగ్గర కొట్టేవి దాదాపు 56.5. తేడా ఒకటికి కాస్త పైన. అందుకే సెకనుకొక "వూఁ". పాతకాలం పైలట్లు రెండు ఇంజన్లను ఒక్క తీరుకు తెచ్చుకునేది ఇట్లా చెవితోనే. కుడి మీటను పిసరంత ముందుకు జరుపుతూ పోతే ఆ ఉబ్బు రెండు సెకన్లకొకసారి, నాలుగు సెకన్లకొకసారి, పదికొకసారి అయి, చివరికి రెండు మోతలూ ఒక్కటై నిలబడిపోతాయి.

"ఆఁ, గిప్పుడు మంచిగున్నది" అని బాపు లేచొచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఆ రాత్రి ఒక గంటసేపు ఆయన చెవి, నా చెయ్యి. నేను కావాలనే ఒక ఇంజను చెడగొట్టి ఊరుకునేవాణ్ణి. ఆయన పట్టేసేవాడు. ప్రతిసారీ పట్టేశాడు.

ఇక దారి. హైదరాబాదులో ఒక మిత్రుడి దగ్గర మంచి కంప్యూటరు ఉంది. దాంట్లో 2020లో వచ్చిన కొత్త సిమ్యులేటరు నడుస్తుంది. భూమి అంతా ఉపగ్రహ చిత్రాల మీద పరిచినది. 2022 నవంబరులో దానిలోకి కూడా డీసీ-3 వచ్చింది. నేను పెట్టుకున్న పరీక్ష ఏమిటంటే, ఉపగ్రహాల దారిచూపు వాడకుండా, దిక్సూచి, గడియారం, పటం, ఈ మూడింటితోనే బేగంపేట నుంచి మా ఊరి మీదుగా నాందేడ్ వెళ్ళాలి. 2008 మార్చిలో శంషాబాదు తెరవగానే బేగంపేటకు ప్రయాణికుల విమానాలు ఆగిపోయినాయి గాని, సిమ్యులేటరులో నన్ను అడ్డేవాడెవడు!

మొదటి గుర్తు నిజాంసాగర్. 1931 నాటికి మంజీర మీద కట్టడం పూర్తయిన ఆ చెరువు అంత పెద్దది, తప్పిపోయే ప్రశ్నే లేదనుకున్నాను. బేగంపేట నుంచి వాయవ్యంగా 325 డిగ్రీలు, 55 నాటికల్ మైళ్ళు, అంటే నూరు కిలోమీటర్ల పైచిలుకు. డకోటా గంటకు 150 నాట్లు పోతుంది కనుక 22 నిమిషాలు. 22 నిమిషాలైంది. ముందు చెరువు లేదు. పొలాలు, రోడ్డు, ఒక ఊరు. ఎడమ కిటికీలోంచి చూస్తే దూరంగా ఎండకు తళతళలాడుతూ నీళ్ళు. నేను ఎల్లారెడ్డి దగ్గర ఉన్నాను!

పడమటి గాలి 20 నాట్లు పెట్టుకున్న సంగతి నేనే మరచాను. అది నన్ను ఆరు మైళ్ళు తూర్పుకు నెట్టేసింది. ఇక్కడ పాత పైలట్ల దగ్గర ఒక చిట్కా ఉంది. అరవై మైళ్ళు వెళ్ళేసరికి ఒక మైలు పక్కకు పోతే, మీరు ఒక డిగ్రీ తప్పినట్టు. నేను 55 మైళ్ళకు ఆరు తప్పాను. అంటే ఆరున్నర డిగ్రీలు. ముందే 325కు బదులు 318 లేదా 319 పట్టుకుని ఉంటే ఆనకట్ట ముక్కు కిందికి వచ్చేది. ఇందులో త్రికోణమితి ఉంది గాని, కాగితం కలం అక్కర్లేకుండా నోటితో వేసుకునే లెక్క కావడమే దీని అందం. రెండోసారి వెళ్ళినప్పుడు అట్లాగే పట్టుకున్నాను. దాదాపు రెండు నిమిషాలు ఆలస్యంగా ఆనకట్ట సరిగ్గా కిందికి వచ్చింది.

అక్కడినుంచి మంజీరను కుడిచేతి వైపు ఉంచుకుని పది పన్నెండు నిమిషాలు. మా ఊరు వస్తుందని తెలిసి, చేతులకు చెమటలు పట్టాయంటే మీరు నవ్వుతారు. వెయ్యి అడుగులకు దిగాను. నల్లరేగడి చేలు, గట్లు, బాటలు అన్నీ ఉన్నవి ఉన్నట్టే. ఇళ్ళ దగ్గరికొచ్చేసరికి మాత్రం కంప్యూటరు తనకు తోచినవి కట్టేసింది. మా ఇల్లున్న చోట ఎర్రపెంకుల కప్పుతో, పొగగొట్టంతో ఏదో సీమదొరల బంగళా లేచింది. ఊళ్ళోకెల్లా పెద్దింటివాళ్ళం అయిపోయాము! ఆ రోడ్డు పక్కన ఎకరంన్నర మాత్రం అట్లాగే ఉంది. గట్టు మీద వేపచెట్టు నీడ కూడా చిత్రంలో పడింది. దాని చుట్టూ రెండు చక్కర్లు కొట్టి, గోదావరి దాటి నాందేడ్‌లో దిగాను. దిగడంలో మూడు గంతులు వేసింది. అది చెప్పకపోతే అబద్ధం ఆడినట్టవుతుంది.

ఇదంతా బొమ్మలాట కాదా అంటే, కొంతవరకు అవును. ప్రాణభయం లేదు. పెట్రోలు వాసన లేదు. విమానం ఒరిగినప్పుడు ఒంటికి తెలిసే బరువు లేదు, నిజం పైలటు సగం ఆ బరువుతోనే నడుపుతాడట. ఇంజను కాలిపోతే మీట నొక్కి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. నన్ను నిజం డకోటాలో కూర్చోబెడితే రన్‌వే చివరికి చేరుస్తానని నేను పందెం కట్టను. కాని నిజం డకోటా ఎక్కడుంది? 2018లో బ్రిటన్‌లో బాగుచేయించి మన వైమానికదళానికి తెచ్చిన 'పరశురామ' ఒకటి ఎగురుతుంది. బిజూ పట్నాయక్ గారి డకోటా ఒకటి 2023లో కలకత్తా నుంచి లారీల మీద భువనేశ్వరు చేరి అక్కడ ప్రదర్శనకు నిలబడింది. బేగంపేటలో రోజూ మోగిన ఆ మోత నేడు వినాలంటే దారులు తక్కువే. వాటిలో ఒకటి హాస్టలు రెండో అంతస్తులో ఉంది.

ఇక రాత్రి రెండు గంటల సంగతి. 1949 జనవరిలో మన దేశంలో రాత్రి విమాన టపా మొదలైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి చీకట్లో లేచిన విమానాలు నడిరాత్రి నాగపూరులో కలుసుకుని, ఉత్తరాల సంచులు మార్చుకుని, తెల్లారేసరికి ఎక్కడివక్కడికి చేరేవి. నేను వేసే పందెం మద్రాసు నుంచి నాగపూరు, దాదాపు 490 నాటికల్ మైళ్ళు, మూడున్నర గంటలు. హాస్టల్లో భోజనం చేసి పది గంటలకు లేస్తే, ఎంత తొందరపడినా రెండు దాటుతుంది.

పోయిన ఆదివారం పొద్దున బాపు ఫోను చేశాడు. చేను దున్నించిన సంగతి, బర్రె ఈనిన సంగతి చెప్పి, "రాత్రి ఎక్కడిదాంక బోయినవ్ రా?" అన్నాడు.

"నాగపూరు దాంక, బాపూ."

"రెండు ఒక్క తీరుగనే కొట్టినయా?"

కొట్టినయి అన్నాను. నమ్మినట్టు లేదు. "ఏదీ, ఒకసారి ఫోను దగ్గర పెట్టి ఇనిపియ్యి" అన్నాడు. వినిపించాను. ఆదివారం పొద్దున ఏడింటికి కింది గదివారికి నిద్రాభంగం కలిగించింది ఆ మోతే. రాత్రివేళ కోసం మాత్రం హెడ్‌ఫోన్లు కొన్నాను.